చెట్టుకి ఆనించిన గొడ్డలి

అనగనగనగా, చెట్టుని అడగకుండా గొడ్డలి ఎత్తని ఊరు ఒకటి ఉండేది. దాని పేరు ఉలిమెట్ట. ఇటు కొండ, అటు సన్నగా పారే గెడ్డ, మధ్యలో ఓ నలభై గడపలు. అంతే ఊరు.

ఆ ఊళ్ళో చెన్నాచారి అని ఒక వడ్రంగి ఉండేవాడు. వడ్రంగి అంటే మంచాలూ తలుపులూ చేసేవాడే అనుకునేవు. అవీ చేసేవాడు. కానీ ఆయన అసలు పని బొమ్మలు చెక్కడం.

ముందు మొద్దు పక్కన కూర్చునేవాడు. దాని మీద చెయ్యేసి, దూడని నిమిరినట్టు నిమిరేవాడు. చెక్కలో నార ఎటు నడుస్తోందో చూసేవాడు. అప్పుడు ఉలి పెట్టేవాడు. నార ఎటు పోతే ఉలి అటే పోవాలట. ఎదురు పోయావా, పెచ్చు లేచి వస్తుంది. ఆయన చెక్కిన చిలకకి ఈకలు వేలు పెట్టి లెక్కపెట్టొచ్చు. ఆయన చెక్కిన ఆవుకి మెడ కింద గంగడోలు ముడతలు పడి వేలాడేది. చూసినవాళ్ళు చెయ్యి చాచి పట్టుకోబోయేవాళ్ళు.

చేతులు అంత మంచివి చిట్టీ. మనసుకే ఒక జబ్బు. అనుమానం.

పొద్దున్న లేస్తూనే ఉలులు లెక్కపెట్టుకునేవాడు. పదకొండు. సాయంత్రం పని ముగించి మళ్ళీ లెక్క. పదకొండే. అయినా ఇంకోసారి లెక్క. పెరట్లోకి ఎవరు వచ్చినా, చెక్కుతున్న బొమ్మ మీద గోనె కప్పేసేవాడు. పక్కింటి పిల్లి వచ్చి కూర్చున్నా కప్పేసేవాడు. పిల్లి వెళ్ళి ఎవరికి చెబుతుంది? ఏమో, ఆయన భయం ఆయనది.

ఆయన ఇల్లాలు పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు పైడాచారి దూరంగా పట్నంలో కోవెల తలుపులు చెక్కే పనికి వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది ఆయనా, కోడలు సూరమ్మా.

సూరమ్మది గెడ్డకి అవతల ఉన్న బాడిసపాడు. వాళ్ళ నాన్న కూడా బొమ్మలు చెక్కేవాడే. అక్కడ ఉంది చూడు, చిక్కంతా.

ఉలిమెట్ట అమ్మవారు ఏటా జాతరలో చెక్క గుర్రం మీద ఊరేగేది. ఆ గుర్రాన్ని చెన్నాచారి తాత చెక్కాడు. ఆ ఏడు జాతర అయిపోయి, గుర్రాన్ని దించి చూస్తే ఏముంది? కాళ్ళకి చెదలు. ముందు కాలు ముట్టుకుంటే పిండిలా రాలిపోయింది.

"ఆచారీ, వచ్చే జాతరకి కొత్త గుర్రం కావాలయ్యా" అన్నాడు ఊరి పెద్ద సింహాచలం నాయుడు.

వచ్చే జాతరకి గుర్రం కావాలంటే చెట్టుని ఇప్పుడే కొట్టాలి. ఎందుకో తెలుసా? కొట్టిన దుంగ పచ్చిగా ఉంటుంది. దాన్ని ఏడాది పాటు నీడన ఆరబెట్టాలి. లోపలి తడి మెల్లమెల్లగా పోవాలి. తొందరపడి చెక్కితే, నవ్వుతున్న బొమ్మ మూతి ఆర్నెల్లకి వంకరపోతుంది.

అయితే ముందు చెట్టుని అడగాలి. ఎలా అడుగుతారంటావా?

పొద్దు పొడిచే వేళకి చెట్టు దగ్గరికి వెళ్ళాలి. గొడ్డలిని మానుకి ఆనించాలి. "తల్లీ, నీ ఒంటితో గుర్రం చేసుకుంటాం. సరేనంటే దీన్ని నిలబెట్టు. వద్దంటే పడెయ్యి" అని చెప్పాలి. అప్పుడు వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యాలి. మన నీడ మన కాళ్ళ కిందకి వచ్చే దాకా అడిగినవాళ్ళు ఆ చెట్టు వైపు వెళ్ళకూడదు. తొంగి చూడకూడదు. మధ్యాహ్నం వెళ్ళేసరికి గొడ్డలి నిలబడి ఉంటే చెట్టు ఒప్పుకున్నట్టు. పడి ఉంటే కాదన్నట్టు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మూడు చెట్లు కాదంటే, ఆ ఇంటి చేతికి ఇంక గుర్రం లేదు. ఆ పని గెడ్డ దాటి బాడిసపాడు వాళ్ళకి వెళ్ళిపోతుంది. తాత చేసిన పని, తండ్రి కాచిన పని. అది పోతే చెన్నాచారికి ఊళ్ళో తలెత్తుకునేది ఎలా?

అప్పుడు చెన్నాచారి మొదట వేపచెట్టుని అడిగాడు. జొన్నచేను గట్టు మీద నిటారుగా ఉండే చెట్టు. గొడ్డలి ఆనించాడు. చెప్పాల్సిన మాట చెప్పాడు. వచ్చేశాడు. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే గొడ్డలి వెల్లకిలా పడి ఉంది.

చెన్నాచారి అటు చూశాడు, ఇటు చూశాడు. దూరంగా మేకలు మేపుకుంటూ గంగులు కనిపించాడు.

"ఒరే గంగులూ! నీ మేకలే కదరా పడేసింది?"

"నా మేకలు పొద్దుట్నుంచీ కొండ కింద ఉన్నాయి ఆచారి బాబూ. ఇటు అడుగు పెట్టలేదు."

"అన్ని మేకల్లో ఏది ఎటు వెళ్ళిందో నీకెలా తెలుసు?"

"అన్నీ మెడకి గంటలు కట్టుకుని తిరుగుతాయి బాబూ, దొంగతనానికి పోవాలంటే వాటికే కష్టం" అన్నాడు గంగులు.

చేలో పని చేసుకుంటున్నవాళ్ళు నవ్వారు. చెన్నాచారి నవ్వలేదు. ఆ రోజు నుంచి గంగులు మంచినీళ్ళు అడిగినా ఆ ఇంట్లో పుట్టేవి కావు.

ఆ తర్వాత నాలుగు రోజులకి వేగిస చెట్టుని అడిగాడు. ఈసారి ఆయన ఊరుకోలేదు. గొడ్డలి ఆనించి, చెట్టు చుట్టూ పొయ్యిలో బూడిద తెచ్చి చల్లాడు. మనిషి వచ్చినా, మేక వచ్చినా అడుగు పడాలి కదా!

మధ్యాహ్నం వెళ్ళాడు. గొడ్డలి పడి ఉంది. బూడిద మీద ఒక్క అడుగు కూడా లేదు. ఒక తొండ తోక ఈడ్చుకుంటూ పోయిన గీత మాత్రం ఉంది. తొండకి గొడ్డలి పడేసే బలం ఉంటుందా? గాలేమైనా వీచిందా అంటే, ఆ పూట ఆకు కదల్లేదు.

చెన్నాచారి బూడిద చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. అడుగు పెట్టకుండా పడేశారంటే ఏదో మందు పెట్టారన్నమాటే. గొడ్డలి ఇనుము కొట్టింది ఎవరు? కమ్మరి అప్పన్న. ఇంకేం, తిన్నగా కొలిమి దగ్గరికి వెళ్ళాడు.

"ఏం అప్పన్నా, ఈ ఇనుములో ఏం కలిపావు?"

అప్పన్న తిత్తి ఊదడం ఆపాడు. "నాకు మందులు పెట్టడమే వస్తే ముందు మా అత్తగారి నోటికి పెట్టుకోనా బావా? ఇదిగో విను. ఇనుము వరకే నాది. ఇనుములో దూర్చిన కర్ర నీది. నీదాన్ని నువ్వే అడుగు."

చెన్నాచారి ఆ మాట విన్నాడు. కానీ చెవిలో పెట్టుకోలేదు. 'ఎంత గడుసుగా తప్పించుకున్నాడో!' అనుకున్నాడు. ఆ రోజు నుంచి కొలిమి వైపు వెళ్ళడం మానేశాడు.

రెండు చెట్లు అయిపోయాయి. ఇంక మిగిలింది ఒక్కటే.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. సూరమ్మ మజ్జిగ పోస్తోంది. ఆవిడ చెయ్యి చూశాడు. అప్పుడు వచ్చింది చిట్టీ, ఆ అనుమానం. నల్ల చీమ చెవిలో దూరినట్టు దూరింది.

'పని మనింటి నుంచి పోతే ఎవరికి వెళ్తుంది? బాడిసపాడుకి. బాడిసపాడులో గుర్రం చెక్కేది ఎవరు? ఈ పిల్ల తండ్రి.'

అంతే. ఇంక ఆవిడ ఏం చేసినా చెన్నాచారికి అదోలాగే కనిపించింది. వేపచెట్టుని అడిగిన రోజు పొద్దున్నే ఈవిడ గెడ్డకి వెళ్ళింది కదా! బట్టలు ఉతకడానికా, ఇంకెవరికైనా కబురు చెప్పడానికా? వేగిస చెట్టు రోజు ఈవిడ కాళ్ళకి బూడిద ఉంది కదా! పొయ్యి దగ్గర ఉండే మనిషికి బూడిద అంటదా అంటావేమో. అనుమానం ఉన్నవాడు అలా అనుకోడు చిట్టీ.

మర్నాడు ఇంకొకటి చూశాడు. చెన్నాచారి రోజూ సాయంత్రం గొడ్డలిని నీళ్ళ తొట్టిలో పెట్టేవాడు. కర్ర నీళ్ళు పీల్చి ఉబ్బితే ఇనుము ఊడకుండా బిగుసుకుంటుందని. ఆ తొట్టి దగ్గర సూరమ్మ నిలబడి ఉంది. గొడ్డలి చేతిలో ఉంది. కర్రని కంటి ముందు పెట్టుకుని, ఒక కన్ను మూసి, కొస నుంచి కొసకి చూస్తోంది.

"నా గొడ్డలితో నీకేం పని?"

సూరమ్మ ఉలిక్కిపడింది. "అది కాదు మావయ్యా, ఈ గొడ్డలి కర్ర..."

"పెట్టు కింద!"

పెట్టేసింది. కాసేపాగి, వడ్డిస్తూ మళ్ళీ మొదలెట్టింది. "మావయ్యా, ఆ కర్ర సంగతి..." "అన్నం పెట్టు చాలు" అన్నాడు. చీకటి పడే ముందు ఇంకోసారి నోరు తెరిచింది. ఈసారి ఆయన లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు.

తిన్నగా సింహాచలం నాయుడి అరుగు మీదకి వెళ్ళాడు.

"బాబూ, గొడ్డలిని చెట్టు పడెయ్యటం లేదు. మనిషే పడేస్తున్నాడు. మనిషి చెయ్యి పడితే ఆ పడటం లెక్కలోకి రాదు కదా?"

"రాదు" అన్నాడు నాయుడు. "అమ్మవారి పనిలో చెయ్యి పెట్టినవాళ్ళు ఎవరైనా సరే, గెడ్డ దాటించేస్తాం. మళ్ళీ ఈ ఊళ్ళో అడుగు పెట్టడానికి లేదు. కానీ పట్టుకుని చూపించాలి ఆచారీ. ఊరికే అంటే కుదరదు."

"చూపిస్తాను" అన్నాడు చెన్నాచారి.

మూడోది గుమ్మడిటేకు. కొండ మొదట్లో ఉండేది. దాని చెక్క తెల్లగా, వెన్నలా ఉంటుంది. ఉలికి ఎదురు చెప్పదు. పొద్దు పొడిచే వేళకి వెళ్ళి గొడ్డలి ఆనించాడు. అడగాల్సింది అడిగాడు. వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాడు.

అప్పుడు, వాళ్ళ తాత చెయ్యని పని, తండ్రి చెయ్యని పని చేశాడు. పక్కకి తిరిగి తంగేడు పొదలో దూరి కూర్చున్నాడు. కొమ్మల మధ్యనుంచి తొంగి చూశాడు.

పొద్దెక్కింది. చీమలు కుట్టాయి. కదల్లేదు. ఇంకా పొద్దెక్కింది. అప్పుడు కట్టెలు విరిగిన చప్పుడైంది.

సూరమ్మ!

చెన్నాచారి కొమ్మలు పక్కకి జరిపాడు. 'అనుకున్నానా లేదా!' సూరమ్మ కట్టెల మోపు దించింది. చెట్టుకి పది బారల దూరంలో గొంతుక్కూర్చుంది. గొడ్డలి వైపే చూస్తోంది. రెప్ప కూడా వెయ్యడం లేదు. చెన్నాచారి ఆవిడ చేతులనే చూస్తున్నాడు. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు వెళ్ళి తోస్తుంది, ఇదిగో ఇప్పుడు...

ఆవిడ లేవలేదు.

ఎండ తిరిగి మాను మీద పడింది. అప్పుడు గొడ్డలి, ఎవరో పిలిస్తే మెడ తిప్పినట్టు, తనంతట తనే ఇటు తిరిగింది. ఒక్క క్షణం ఆగింది. మాను మీద జారింది. దబ్బున పడింది.

చెన్నాచారి పొదలోంచి దూకాడు. "దొరికావే!"

సూరమ్మ అదిరిపడి లేచింది. మావగారి నెత్తి మీద తంగేడు పూలు, గెడ్డానికి సాలెగూడు. నవ్వు వచ్చేది గానీ, ఆయన కళ్ళు చూసి నవ్వలేదు.

"నేను ఇక్కడున్నాను, అది అక్కడుంది. నా చెయ్యేమైనా పది బారలుందా మావయ్యా?"

చెన్నాచారి పడిన గొడ్డలి వైపు తిరిగాడు. ఆవిడ చెయ్యి పడలేదని ఆయన రెండు కళ్ళతో చూశాడాయె.

సూరమ్మ వెళ్ళి గొడ్డలి తెచ్చింది. ఇనుము ఊడబెరికి పక్కన పెట్టింది. పట్టి లాగితే ఊడొచ్చేసింది, అంత వదులుగా ఉంది. ఆ కర్రని చదునుగా ఉన్న బండ మీద పెట్టి దొర్లించింది. మంచి కర్ర అయితే గుండ్రంగా దొర్లిపోవాలి. అది దొర్లలేదు. టక్కుటక్కున ఎగిరెగిరి పడింది.

"పచ్చి కర్ర" అంది మెల్లిగా. "రాత్రంతా తొట్టిలో నానుతోంది. పొద్దున్న ఎండలో ఆరుతోంది. ఆరేటప్పుడు మెలి తిరుగుతోంది. అది తిరిగితే గొడ్డలి నిలబడుతుందా? మూడుసార్లు చెప్పబోయాను మావయ్యా."

చెన్నాచారి కర్రని చేతిలోకి తీసుకున్నాడు. గోరు పెట్టి నొక్కాడు. గోరు దిగింది.

అప్పుడు ఆయనకి గుర్తొచ్చింది. పాత కర్ర బంగారంలాంటిది, తండ్రి వాడింది. ఒకరోజు అది మేకుకి కాకుండా గోడవార కనిపించింది. ఎవరో ముట్టుకున్నారు, ఏదో చేశారు అని అనుమానం. తీసి పొయ్యిలో పెట్టేశాడు. ఆ పూటే తుమ్మకొమ్మ ఒకటి నరికి, ఆ పూటే చెక్కి, ఆ పూటే బిగించాడు. అప్పన్నని అడిగితే ఆరిన కర్ర ఇచ్చేవాడు. కానీ అప్పన్న కర్ర మీద నమ్మకం లేదు.

బొమ్మకైతే ఏడాది ఆరబెట్టే మనిషి, గొడ్డలికి ఒక్క రోజు కూడా ఆగలేదు. వడ్రం నేర్చుకునే పిల్లాడు కూడా చెయ్యని తప్పు అది.

ఆయన ఇనుమూ కర్రా తీసుకుని ఊరివైపు నడిచాడు. సూరమ్మ కట్టెల మోపు ఎత్తుకుని వెనకే వచ్చింది.

దారిలో ఆ నల్ల చీమ మళ్ళీ చెవిలో కదిలింది. 'అరుగు మీద అందరూ చూస్తుంటారు. ఇదిగో ఈవిడే అని ఒక్క మాట అంటే చాలు. పడటం లెక్కలోకి రాదు. గుర్రం మనకే ఉంటుంది. పచ్చి కర్ర సంగతి ఎవరికీ తెలియదు. ఈవిడ మాట ఎవరు నమ్ముతారు? బాడిసపాడు పిల్ల.'

వెనక సూరమ్మ కాళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ ఏమీ అడగడం లేదు. ఒక్కసారి మాత్రం మోపు భుజం మార్చుకుంది.

నాయుడి అరుగు మీద ఊరంతా ఉంది. గంగులు ఉన్నాడు, అప్పన్న ఉన్నాడు. అందరూ చెన్నాచారిని చూశారు. తర్వాత వెనకున్న సూరమ్మని చూశారు. గుసగుసలు మొదలయ్యాయి.

"దొంగ దొరికాడా ఆచారీ?" అన్నాడు నాయుడు.

"దొరికాడు బాబూ."

"ఎవరు?"

చెన్నాచారి కర్ర తీసి అరుగు మీద పెట్టాడు.

"నేనే."

ఆ తర్వాత మొత్తం చెప్పాడు. పచ్చి తుమ్మకొమ్మ సంగతి చెప్పాడు. తొట్టిలో నానబెట్టడం చెప్పాడు. పొదలో దూరి తొంగి చూడటం కూడా చెప్పాడు. "నా కోడలు పది బారల దూరంలో కూర్చుంది. ముట్టుకోలేదు. తప్పు కనిపెట్టింది కూడా తనే" అన్నాడు.

ముందు అప్పన్న పక్కుమన్నాడు. "పచ్చికర్ర ఆచారీ!" ఇంక అరుగంతా నవ్వే. పొట్టలు పట్టుకుని నవ్వారు.

"అయితే మరి నా మేకలు బాబూ?" అన్నాడు గంగులు.

చెన్నాచారి వెళ్ళి గంగులు చేతులు పట్టుకున్నాడు. అప్పన్న నవ్వు ఆపి నేల చూశాడు.

"సరే" అన్నాడు నాయుడు. "నిజం చెప్పావు. కానీ మూడుసార్లు పడింది కదయ్యా. కట్టుబాటు ప్రకారం గుర్రం..." అంటూ ఆగిపోయాడు. గెడ్డం గోక్కున్నాడు. "ఉండు. మూడోసారి నువ్వు తొంగి చూశానన్నావు కదూ?"

"చూశాను బాబూ."

"తొంగి చూస్తే అది అడగడం కిందకే రాదు. అంటే మూడో చెట్టుని ఇంకా అడగనట్టే. అయితే అడిగి తొంగి చూసినవాడు మళ్ళీ గొడ్డలి ఆనించడానికి లేదు. మీ ఇంటి మనిషే ఇంకొకరు ఆనించాలి. ఎవరున్నారు?"

అందరి కళ్ళూ సూరమ్మ మీదకి తిరిగాయి.

"బాడిసపాడు పిల్ల చేతికా!" అన్నారు ఎవరో వెనకనుంచి. "పడేసి వస్తే? వాళ్ళ నాన్నకే కదా పని!"

నాయుడు చెన్నాచారిని చూశాడు. "నువ్వు ఒప్పుకుంటేనే."

చెన్నాచారి సూరమ్మని చూశాడు. ఆవిడ తల వంచుకోలేదు. ఆయన్నే చూస్తోంది.

"మా ఇంటి మనిషే ఆనిస్తుంది" అన్నాడు.

అప్పుడు అప్పన్న కొలిమి చూరులోంచి ఒక కర్ర తీసి ఇచ్చాడు. మూడేళ్ళుగా పొగకి ఆరి నల్లబడిన కర్ర. మర్నాడు పొద్దు పొడుస్తూనే సూరమ్మ కొత్త కర్ర బిగించిన గొడ్డలి భుజాన వేసుకుని, కొండవైపు ఒక్కతే వెళ్ళింది.

చెన్నాచారి పెరట్లో కూర్చున్నాడు. ఊరందరి ముందు ఒప్పుకోవడం తేలికే చిట్టీ. ఒక్కడూ కూర్చోవడం కష్టం.

కాసేపటికి చీమ కదిలింది. 'ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు. వేలు తగిలితే చాలు.' లేచి తలుపు దాకా వెళ్ళాడు. ఆగాడు. వచ్చి కూర్చున్నాడు.

ఇంకాసేపటికి మళ్ళీ. 'వాళ్ళ నాన్న ముసలివాడయ్యాడు. కన్నకూతురికి ఉండదా, నాన్న చేత్తో ఒక గుర్రం చూడాలని?' ఈసారి వీధి చివరి దాకా వెళ్ళాడు. అక్కణ్ణించి కొండ కనిపిస్తోంది. చూపు తిప్పుకున్నాడు. వచ్చేశాడు.

మూడోసారి లేచాడు. 'తను నిలబెట్టినా, ఎవరైనా వచ్చి పడేస్తే?' లేచినవాడు లేచినట్టే నిలబడ్డాడు. కాళ్ళు అటు లాగుతున్నాయి. అప్పుడు తన నీడ చూసుకున్నాడు. ఇంకా జానెడు ఉంది. వెళ్ళి సానరాయి తెచ్చుకున్నాడు. ఉలులు ఒక్కొక్కటీ తీసి నూరడం మొదలెట్టాడు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మరిచిపోయాడు.

నీడ కాళ్ళ కిందకి వచ్చింది. అది కూడా ఆయన చూసుకోలేదు.

చప్పుడై తలెత్తితే ఎదురుగా సూరమ్మ. పొద్దుట్నుంచీ ఎక్కడో ఎండలోనే ఆగినట్టుంది, మొహం కందిపోయింది. చేతిలో గొడ్డలి లేదు. చెట్టు దగ్గరే ఉండిపోయిందన్నమాట. నిలబడి ఉందా, పడి ఉందా? ఆవిడ మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు. ఆయన ఏం అడుగుతాడా అని ఆవిడ చూస్తోంది.

చెన్నాచారి ఉలి కింద పెట్టాడు.

"పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కదమ్మా. రా, అన్నం తిను" అన్నాడు.

సూరమ్మ కళ్ళు ఒక్కసారి చెమ్మగిల్లాయి. వెంటనే నవ్వేసింది. "మీరు తిన్నారా మావయ్యా?"

"నువ్వు లేందే ఎవరు పెడతారు?"

ఇద్దరూ కూర్చుని తిన్నారు. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ, మజ్జిగ. చేతులు కడుక్కున్నాక సూరమ్మ అంది, "రండి మావయ్యా, వెళ్దాం."

వెళ్ళారు. గుమ్మడిటేకు కింద గొడ్డలి నిటారుగా నిలబడి ఉంది. కర్ర మీద ఒక గొల్లభామ కూర్చుని రెక్కలు సర్దుకుంటోంది. ఊరివాళ్ళు వెనకే వచ్చి చూశారు. నాయుడు దండం పెట్టాడు.

ఆ తర్వాత చెట్టుని కొట్టారు. దుంగని నీడన పెట్టి, ఏడాది ఆగారు. పండగలకీ ఆగారు, వానలకీ ఆగారు. చెన్నాచారి రోజూ పొద్దున్న దుంగ మీద వేళ్ళతో తట్టేవాడు. తడి ఉన్నన్నాళ్ళూ అది మూగగా మోగింది. ఒకరోజు ఖంగుమంది.

అప్పుడు ఉలి పట్టారు. ఒక్కరు కాదు, ఇద్దరు. నార పొడుగునా మెడ పెట్టారు, విరగకుండా. పొట్ట లోపల తొలిచి ఖాళీ చేశారు, చెక్క ఊపిరి పీల్చుకోవాలని. తోక వేరే చెక్కతో చేసి అతికించారు. జూలు ఒక్కొక్క పాయా సూరమ్మ చెక్కింది. గరుకాకు పెట్టి రుద్ది రుద్ది, నూనె రాసి, మళ్ళీ రుద్దారు. ఎవరైనా పెరట్లోకి వస్తే చెన్నాచారి గోనె కప్పలేదు. పీట వేసి "కూర్చో, చూడు" అన్నాడు. గంగులు మేకలతో సహా వచ్చి చూశాడు. అప్పన్న మాత్రం వచ్చిన ప్రతిసారీ "పచ్చికర్ర ఆచారి గారున్నారా?" అనే పిలిచేవాడు. "ఉన్నాడు, ఆరుతున్నాడు, రా" అనేవాడు చెన్నాచారి.

జాతర నాడు అమ్మవారు ఆ గుర్రం మీద ఊరేగింది. గుర్రం ముందు కాలు ఎత్తి ఉంటే, దారి ఇవ్వకపోతే తొక్కేస్తుందేమోనని జనం పక్కకి జరిగారట.

ఏం చిట్టీ, ఇంకా నిద్ర రాలేదా? ఏదో అడగాలని నోరు తెరుస్తున్నావు. నాకు తెలుసులే. ఆ గొడ్డలి తనంతట తనే నిలబడిందా, లేకపోతే పడితే సూరమ్మ తీసి నిలబెట్టిందా అనే కదా?

నేనూ చిన్నప్పుడు మా అమ్మమ్మని అదే అడిగాను. ఆవిడకీ తెలియదు. సూరమ్మకి తెలుసు, చెట్టుకి తెలుసు. చెన్నాచారి బతికినన్నాళ్ళూ ఒక్కసారి కూడా అడగలేదట.

ఆయన అడగలేదు కదా, మనమూ అడగొద్దు. పడుకో.

ఉలి పోయి పెట్టెలో పడుకుంది,
పొట్టు పోయి పొయ్యిలో పడుకుంది,
గుర్రమేమో జాతరలో నిలుచుంది,
కథేమో కంచి దారి పట్టింది,
చిట్టి కంటి మీద నిద్ర వాలింది,
మన దుప్పటిల్లు మనల్ని పిలిచింది.